చెయ్యి వదిలిన ఎత్తు

సాయంకాలం వేళ వీధి అరుగు మీద చదరంగం పరచుకొని ఇద్దరు కూర్చుంటే, వారి చుట్టూ నలుగురు చేరకుండా ఉండరు. ఆట కొంతదూరం నిశ్శబ్దంగా సాగుతుంది. ఇంతలో ఒకరు గుర్రాన్ని ఎత్తి ఒక గడిలో పెడతారు. పెట్టీ పెట్టగానే వారి ముఖం మారుతుంది. “ఆగండి బావగారూ, నేనింకా చెయ్యి వదలలేదు” అంటారు. “వదిలారు, మేమంతా చూశాము” అంటారు ఎదుటివారు. అంతవరకు నోరు మెదపక కూర్చున్న నలుగురూ ఒక్కసారిగా న్యాయమూర్తులవుతారు. మా చిన్నతనంలో మా మేనమామగారు ఇటువంటి తగవును ఒక్క మాటతో తీర్చేవారు. “వేసేముందు ఎంతసేపైనా ఆలోచించుకో. వేసిన తరువాత ఆలోచించకు” అనేవారు. ఓడిపోతున్న పిల్లవానికి ఆ మాట చాలా కఠినంగా తోచేది.

చూడబోతే ఇది చాలా చిన్న తగవు. కాని దీని వెనుక ఉన్న ప్రశ్న చిన్నది కాదు. మానవుడు చేసిన పని ఏ క్షణంలో పూర్తి అవుతుంది? తలచినప్పుడా, తాకినప్పుడా, వదిలినప్పుడా? పూర్తి అయిన పనిని వెనుకకు తీసుకొనే హక్కు ఎవరికైనా ఉన్నదా? ఉంటే దానిని ఇవ్వవలసినవారు ఎవరు? ఇంగ్లీషు మాట్లాడే ప్రజలు ఈ ప్రశ్నలను చదరంగపు బల్ల ముందు కూర్చొని కొన్ని శతాబ్దాలపాటు తర్కించుకొన్నారు. ఆ తర్కంలో నుండి వారి భాషలోనికి ఒక చిన్న పదసంపద చేరినది. ఆ పదాలను ఒకటొకటిగా విప్పి చూస్తే ఆట చరిత్రతోపాటు మర్యాద చరిత్ర కూడ కొంత కనబడుతుంది.

ముందుగా ఒక పాత కథ. 1016 నుండి 1035 వరకు ఇంగ్లండును ఏలిన కాన్యూట్ రాజు డెన్మార్కుకు కూడ ప్రభువు. ఆయన సోదరి ఎస్ట్రిడ్‌ను వివాహమాడిన ఉల్ఫ్ అనే సామంతుడు ఆ కాలంలో మహా పరాక్రమశాలి. ఐస్‌లండు దేశపు చరిత్రకారుడు స్నోరి స్టుర్లుసన్ పదమూడవ శతాబ్దంలో రచించిన రాజుల చరిత్రలో ఈ బావమరదుల కథ వస్తుంది. డెన్మార్కులోని రోస్కిల్డె నగరంలో ఒక విందునాటి రాత్రి ఇద్దరూ బల్ల ముందు కూర్చున్నారు. రాజు పెద్ద పొరపాటు ఎత్తు వేసినాడు. ఉల్ఫ్ వెంటనే రాజుగారి గుర్రాన్ని చంపినాడు. రాజు ఆ గుర్రాన్ని తిరిగి బల్లమీద పెట్టి, వేరొక ఎత్తు వేయవలసినదిగా ఉల్ఫ్‌ను ఆజ్ఞాపించినాడు. ఉల్ఫ్‌కు కోపము వచ్చి బల్లను తలక్రిందులు చేసి లేచిపోయినాడు. పిరికివాడవై పారిపోతున్నావా అని రాజు వెనుకనుండి ఎత్తిపొడిచినాడు. యుద్ధంలో శత్రువులు నిన్ను తరుముతున్నప్పుడు వచ్చి ఆదుకొన్నది నేనే కదా, అప్పుడు నేను పిరికివాడను కానా అని ఉల్ఫ్ బదులు చెప్పినాడు. మరునాడు రాజు ఆజ్ఞ మీద ఉల్ఫ్‌ను చర్చిలోనే సంహరించినారు. ఇది 1026వ సంవత్సరపు సంఘటన.

స్నోరి ఈ కథను రెండు వందల ఏండ్ల తరువాత వ్రాసినాడు. 1026 నాటికి చదరంగం ఆ ఉత్తరదేశాలకు చేరినదా అని పండితులు సందేహించినారు. రాజకీయ కారణాలు వేరే ఉన్నవనీ, ఆట ఒక నెపమనీ అనుకోవచ్చును. అయినను కథను వ్రాసినవానికీ, చదివినవారికీ ఒక సంగతి బాగుగా తెలియుననుట నిజము: వేసిన ఎత్తును బలవంతాన వెనుకకు తీసుకొనేవాడు ఆటనే కాక ఎదుటివాని గౌరవాన్ని కూడ తీసివేస్తున్నాడు. రాజు వేసిన ఆ తప్పు ఎత్తుకు స్నోరి వాడిన పదం విచిత్రమైనది. దాని అర్థం “వ్రేలు విరిచేది” అని. తప్పు చేసినది బుద్ధి అయినా, నింద మాత్రం వ్రేలిమీద పడినది. ఈ వ్రేలిని కొంచెం జ్ఞాపకం ఉంచుకోండి. చివరకు మరల వస్తుంది.

ఇంగ్లండులో ఆటల నియమాలను ఇంటింటి మాటగా చేసినవాడు ఎడ్మండ్ హాయిల్. పేకాట శాస్త్రకారుడుగా పేరుపొందిన ఈయన 1761లో చదరంగం మీద కూడ ఒక పుస్తకం ప్రకటించినాడు. తరువాత ఆయన పేరు మీద ఎన్నో ఆటల పుస్తకాలు వెలువడినవి. ఆ పుస్తకాల చదరంగ నియమాలలో మూడు చిన్న క్రియలు కనబడతాయి: టచ్, క్విట్, రీకాల్. పావును తాకినవాడు దానినే ఆడవలెను. దానిని వదిలినవాడు ఇక వెనుకకు పిలువరాదు. “రీకాల్” అనే మాట ఇక్కడ గమనింపదగినది. అది పంపిన దూతను గాని, దండయాత్రకు వెళ్ళిన సేనాపతిని గాని తిరిగి రప్పించే సందర్భంలో వాడే మాట. బంటు ఒక అడుగు ముందుకు వేసినదంటే, రాజు పంపిన మనిషి పొలిమేర దాటినట్లే.

ఈ మూడు క్రియలలో అసలు న్యాయమంతా ఇమిడి ఉన్నది. మనస్సులో ఎన్ని మారులు మార్చుకొన్నా ఎవరికీ పట్టదు, ఎందుకంటే మనస్సుకు సాక్షి లేడు. చేతికి సాక్షులు ఉన్నారు. తాకటం సగం ప్రతిజ్ఞ: ఏ పావును ఆడవలెనో అది నిర్ణయిస్తుంది. వదలటం పూర్తి ప్రతిజ్ఞ: ఏ గడిలో ఆడవలెనో అది నిర్ణయిస్తుంది. ఈ రెండింటి నడుమ, పావు ఇంకా చేతిలోనే ఉన్నంతసేపు, ఆటగానికి కొంచెం స్వేచ్ఛ మిగిలి ఉంటుంది. అరుగు మీద “ఇంకా చెయ్యి వదలలేదు” అన్నవారు వాదిస్తున్నది ఈ స్వేచ్ఛ కోసమే. దీనికే ఇంగ్లీషులో నేడు వాడుకలో ఉన్న పేరు “టచ్ మూవ్”. జర్మనులు ఇదే నియమాన్ని ప్రాసతో చెప్పుకొంటారు. తాకితే ఆడినట్లే అని దాని భావం.

పూర్వకాలంలో నియమం తప్పినవానికి శిక్ష కూడ ఉండేది. చెల్లని ఎత్తు వేసినవానిని, దానికి బదులు రాజునే కదపవలసినదిగా ఎదుటివాడు శాసించవచ్చును. ఆటలో రాజును అకారణంగా కదపటం ఎంత ప్రమాదమో ఆడినవారికి తెలుసు. సేవకుని తప్పుకు యజమాని వీధిలోకి రావలసి వచ్చినట్లు ఉండేది ఆ శిక్ష. తరువాతి కాలంలో అది రద్దయినది.

అయితే తాకిన ప్రతిసారీ ఆడే ఉద్దేశం ఉండదు కదా! గడిలో ప్రక్కకు జరిగిన ఏనుగును సరిగా నిలబెట్టాలనుకోవచ్చును. అప్పుడు ఏమి చేయవలెను? తాకటానికి ముందే ఒక మాట చెప్పవలెను. ఆ మాట ఇంగ్లీషువారిది కాదు, ఫ్రెంచి వారిది: “జాదూబ్”, అనగా “సర్దుతున్నాను” అని. పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లీషు నియమావళులలో ఈ ఫ్రెంచి మాట అట్లే నిలిచినది. 1924లో పారిస్ నగరంలో స్థాపితమైన అంతర్జాతీయ చదరంగ సమాఖ్య నియమాలలో కూడ అది నేటికీ ఉన్నది. ఈ మాట వంశవృక్షం చూడండి. పాత ఫ్రెంచిలో ఇదే క్రియకు వీరునికి ఆయుధాలు తొడిగి అలంకరించటం అని అర్థం. కత్తిని భుజానికి తాకించి “నైట్” బిరుదు ప్రదానం చేయటానికి ఇంగ్లీషులో వాడే “డబ్” అనే మాట కూడ ఆ మూలం నుండి వచ్చినదే. చదరంగంలోని గుర్రాన్ని ఇంగ్లీషువారు నైట్ అనే అంటారు. కనుక ఒక ఆటగాడు గుర్రాన్ని సర్దుతూ “జాదూబ్” అన్నప్పుడు, తనకు తెలియకుండానే ఒక వీరునికి పట్టం కడుతున్నాడన్నమాట.

1786 డిసెంబరులో ఫిలడెల్ఫియా నగరం నుండి వెలువడే ఒక మాసపత్రికలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ చదరంగపు నీతులను గురించి ఒక వ్యాసం ప్రకటించినాడు. అమెరికా స్వాతంత్ర్య సమరంలో దౌత్యం నెరపి, లండనులోను పారిస్‌లోను ఏండ్ల తరబడి గడిపిన వృద్ధుడు ఆయన. ఈ ఆట వలన దూరదృష్టి, సర్వతోముఖమైన పరిశీలన, జాగరూకత అలవడుతాయని ఆయన వాదం. ఆ జాగరూకత అనేది తాకిన పావును ఆడి, పెట్టిన చోట ఉండనిచ్చే నియమాన్ని కచ్చితంగా పాటిస్తేనే అలవడుతుందట. దానికి ఆయన చెప్పిన కారణం యుద్ధం నుండి తీసినది. అజాగ్రత్తగా సైన్యాన్ని చెడ్డచోట నిలిపిన సేనాపతి, దానిని వెనుకకు తీసుకొని భద్రమైన చోట పెట్టుకొంటాను, అనుమతించండి అని శత్రువును అడుగగలడా? అడుగలేడు. తన తొందరపాటు ఫలితాన్ని అనుభవించవలసినదే. అదే వ్యాసంలో ఇంకొక మాట కూడ ఉన్నది. ఎదుటివాడు ఏమరుపాటున తప్పు ఎత్తు వేస్తే, గెలుపు ఒక్కటే లక్ష్యం కాదనుకొన్నవాడు ఆ ప్రమాదాన్ని అతనికి మృదువుగా తెలియజెప్పవచ్చును. ఆట పోయినా ఎదుటివాని గౌరవం, స్నేహం దక్కుతాయి. వెనుకకు తీసుకొనే హక్కు నాకు లేదు గాని, తీసుకోనిచ్చే ఔదార్యం నీకు ఉండవచ్చునని దీని సారాంశం. ఈ రెండు మాటలను కలిపి చదివితేనే న్యాయం.

ఇక వెనుకకు తీసుకోవటానికి ఇంగ్లీషులో ఉన్న మాటలు. “టేక్ బ్యాక్” అన్నది ఇంటిలో, వీధిలో వాడే మాట. ఇచ్చినదానిని తిరిగి పుచ్చుకోవటం దాని మొదటి భావం. అన్నమాటను వెనుకకు తీసుకోవటానికీ అదే మాట. “రిట్రాక్ట్” అన్నది లాటిన్ నుండి వచ్చిన పండితుల మాట. వెనుకకు లాగుకోవటం అని అర్థం. ఇచ్చిన వాఙ్మూలాన్ని సాక్షి, ప్రకటించిన వార్తను పత్రిక వెనుకకు తీసుకొంటే ఈ మాటనే వాడతారు. “అన్‌డూ” అన్నది ఈ మూడింటిలో అచ్చమైన ప్రాచీనాంగ్ల పదం. ముడి విప్పటం, తలుపు తెరవటం దాని తొలి అర్థాలు. ముడి విప్పేవాడు కట్టినదంతా పోగొట్టగలడు కనుక, నాశనం చేయటం అనే అర్థం కూడ దానికి కాలక్రమాన వచ్చినది. పాత నాటకాలలో ఒకరు తాము “అన్‌డన్” అయినామని ఏడిస్తే, సర్వనాశనమైనామని భావం. తప్పును సరిదిద్దే మాటకూ, మనిషిని ముంచే మాటకూ ఒకటే రూపం కావటం విచిత్రమే.

చదరంగానికి చెల్లెలయిన డ్రాట్స్ ఆటలో మరొక వింత ఉండేది. ఆ ఆటలో చంపటానికి అవకాశముంటే చంపి తీరవలెను. చూడక వదిలివేసినవాని పావును ఎదుటివాడు తీసివేయవచ్చును. ఈ శిక్షను “హఫ్” అనేవారు, ఊదటం అని దాని అర్థం. తీసే పావు మీద నిజంగానే ఒకసారి ఊదే ఆచారం కూడ ఉండేది. శిక్షించటం ఇష్టం లేకపోతే, వేసిన ఎత్తును వెనుకకు తీయించి చంపవలసినదేనని నిర్బంధించవచ్చును. ఇక్కడ ఎత్తును వెనుకకు తీసుకోవటం వేసినవాని కోరిక కాదు, ఎదుటివాని ఆజ్ఞ. పెద్ద పోటీలలో ఈ ఊదుడు శిక్ష తరువాత మాసిపోయినది. పాచికలతో ఆడే బ్యాక్‌గామన్‌లో హద్దు వేరొక చోట ఉన్నది. పాచికలను చేతిలోకి తీసుకొనేంతవరకు పావులను ఎన్నిసార్లయినా మార్చి చూసుకోవచ్చును. పాచికలు ఎత్తితే ఎత్తు ముగిసినట్లు. ప్రతి ఆటకూ ఒక పొలిమేర రాయి ఉన్నది గాని, అది పాతిన చోటు మాత్రం వేరు.

ఇతర భాషల వైపు ఒకసారి తొంగి చూస్తే ఇంగ్లీషు పదాల స్వభావం ఇంకా స్పష్టమవుతుంది. చీనావారు ఎత్తును వెనుకకు తీసుకోవటాన్ని “ఎత్తుకు పశ్చాత్తాపపడటం” అనే అర్థం వచ్చే మాటతో చెబుతారు. జపానువారు “మత్తా” అంటారు. “ఆగు” అని దాని భావం. వారి మల్లయుద్ధంలో ఇద్దరూ ఒకేసారి లేవనప్పుడు కూడ ఇదే కేక. ఇంగ్లీషువాడు చేతిని చూసినాడు, చీనావాడు హృదయాన్ని చూసినాడు, జపానువాడు కాలాన్ని ఆపజూచినాడు. మన తెలుగులో “ఎత్తు” అన్న పదమే ఒక నిధి. పావును ఎత్తటమూ అదే, ఉపాయమూ అదే. దానిని మించిన ఉపాయం పైఎత్తు. పన్నిన ఉపాయాన్ని వెనుకకు తీసుకొంటాననటం మన చెవికే కొంత నవ్వు పుట్టిస్తుంది.

మాటలు ఇట్లుండగా, మనుషులు వీటిని ఎట్లు పాటించినారో చూతము. 1960లో బ్యూనస్ ఐరిస్ నగరపు పోటీలో పదిహేడేండ్ల అమెరికన్ బాబీ ఫిషర్, జర్మనీకి చెందిన ఉన్జికర్‌తో ఆడుతూ ఒక బంటును తాకినాడు. తాకిన క్షణంలోనే అది చెడ్డ ఎత్తని గ్రహించినాడు. “జాదూబ్” అని తప్పించుకొనే ప్రయత్నం చేయలేదు. ఆ బంటునే ఆడి, ఆట ఓడిపోయినాడు. ఇతర విషయాలలో ఎంతటి కలహప్రియుడైనా, బల్ల దగ్గర ఫిషర్ పెద్దమనిషి అని ఉన్జికర్ తరువాత మెచ్చుకొన్నాడు.

1967లో ట్యునీసియా దేశపు సూస్ నగరంలో జరిగినది దీనికి వ్యతిరేకం. యుగోస్లావియా ఆటగాడు మతులోవిచ్, హంగేరీకి చెందిన బిలెక్‌తో ఆడుతూ, ఓటమికి దారితీసే ఎత్తు వేసి, తరువాత “జాదూబ్” అంటూ దానిని వెనుకకు తీసుకొన్నాడు. బిలెక్ ఫిర్యాదు చేసినా మార్చిన ఎత్తే నిలిచినది. కాని చదరంగ లోకం వేరొక తీర్పు చెప్పినది. ఆయనకు “జాదూబోవిచ్” అని పేరు పెట్టినది. ఎత్తును వెనుకకు తీసుకొన్నవాడు ఆ పేరును మాత్రం వెనుకకు తీసుకోలేకపోయినాడు.

మూడవ కథ 1994లో స్పెయిన్ దేశపు లినారెస్ పోటీలో జరిగినది. ప్రపంచ ప్రసిద్ధుడైన కాస్పరోవ్, పదిహేడేండ్ల హంగేరీ బాలిక జుడిత్ పోల్గార్‌తో ఆడుతున్నాడు. ఒక గుర్రాన్ని ఒక గడిలో పెట్టి, ప్రమాదం గ్రహించి, వెంటనే వేరొక గడికి మార్చినాడు. చెయ్యి వదిలినదా, లేదా? బాలిక మధ్యవర్తిని పిలువలేదు; అంతటివానిపై నేరం మోపటానికి మనసొప్పి ఉండదు. ఆటలో గెలిచినది కాస్పరోవ్. తరువాత టెలివిజన్ చిత్రాన్ని నెమ్మదిగా తిప్పి చూస్తే, క్షణంలో నాలుగవ వంతు కాలం వ్రేళ్ళు పావును విడిచినట్లు కనబడినది. తన చెయ్యి వదిలినట్లు తనకు తెలియదనీ, తన అంతరాత్మ నిర్మలమేననీ ఆయన వాదించినాడు. సాక్షులు కన్నులతో చూడలేనిదానిని యంత్రం చూచినది. అంత చిన్న కాలఖండంలో మనిషికి తన చేతి సంగతి తనకే తెలియకపోవచ్చునన్న మాట కూడ కొట్టివేయదగినది కాదు.

ఎత్తును వెనుకకు తీసుకోవటమే నియమంగా గల ఒక చిత్రమైన శాఖ కూడ చదరంగంలో ఉన్నది. సమస్యలు కూర్చేవారు కొందరు, బల్లమీద ఉన్న స్థితిని చూపించి, ఇంతకుముందు ఏమి జరిగినదని అడుగుతారు. ఇంగ్లండుకు చెందిన టి. ఆర్. డాసన్ ఈ విద్యలో దిట్ట. 1889లో పుట్టి 1951లో గతించినాడు. తెల్లవారు తమ కడపటి ఎత్తును వెనుకకు తీసుకొని, దాని బదులు ఆటకట్టు చేయవలెనని ఒక రకం సమస్య. ఇక్కడ బంటు వెనుకకు నడుస్తుంది. చచ్చిన ఏనుగు లేచి వస్తుంది. ఇందుకు ఇంగ్లీషువారు “అన్‌మూవ్”, “అన్‌క్యాప్చర్” అనే మాటలు కల్పించుకొన్నారు. జీవితంలో ఎక్కడా ప్రయోజనం లేని ఈ మాటలు కాగితం మీద మాత్రం చాలా అందంగా ప్రవర్తిస్తాయి.

తరువాత యంత్రాలు వచ్చినవి. 1974లో అమెరికాలో జెరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయంలో రూపొందిన “బ్రావో” అనే వ్రాత సాధనంలో, చేసిన మార్పును రద్దు చేసే ఆజ్ఞ ఉండేది. దాని పేరు “అన్‌డూ”. ముడి విప్పటానికి పుట్టిన పాత మాట ఇట్లు కొత్త ఉద్యోగంలో చేరినది. నేడు చేతిలోని ఫోనులో చదరంగం ఆడే పిల్లలకు ఈ మాట బాగా తెలుసు. యంత్రంతో ఆడేటప్పుడు ఎన్ని ఎత్తులనైనా విప్పుకోవచ్చును. దానికి కోపం రాదు, దానితో స్నేహం చెడదు. దూరాన ఉన్న మనిషితో ఆడేటప్పుడు మాత్రం “టేక్‌బ్యాక్” కోరుతున్నానని అర్జీ పంపవలెను. ఎదుటివారు ఒప్పుకొంటేనే ఎత్తు వెనుకకు వస్తుంది. ఫ్రాంక్లిన్ చెప్పిన న్యాయమూ, ఔదార్యమూ యంత్రంలోనూ తమ చోటు సంపాదించుకొన్నవి. అనుకోని గడిలో పావు పడితే కంప్యూటరు ఆటగాళ్ళు “మౌస్ స్లిప్” అంటారు. తప్పు తమది కాదు, చేతిక్రింది పనిముట్టుదని. జర్మనులు ఇటువంటిదానిని “వ్రేలి తప్పు” అంటారు. ఇంగ్లీషు చదరంగ రచయితలు కూడ ఆ మాటను అరువు తెచ్చుకొన్నారు. స్నోరి వాడిన “వ్రేలు విరిచేది” మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఎన్ని వందల ఏండ్లు గడచినా నింద ఇంకా వ్రేలిమీదనే ఉన్నది.

మైకు ముందు కూర్చొని బ్రతికేవాడికి ఈ చరిత్ర ఊరక చదివి వదిలివేసేది కాదు. చాలా ఏండ్ల క్రిందట, ప్రత్యక్ష ప్రసారంలో ఒక సంతాప వార్త చదువుతూ, మరణించినవారి పేరుకు బదులు ఆ వాక్యంలోనే ఉన్న వారి తమ్ముని పేరు చదివినాను. వెంటనే సవరించినాను. ఆ సవరణ కొన్ని ఇండ్లకు చేరక మునుపే మొదటి మాట ఒక ఇంటిలో ఏడ్పు పుట్టించినదని తరువాత తెలిసినది. నేను స్వయంగా వెళ్ళి క్షమాపణ చెప్పుకొన్నాను. బ్రతికి ఉన్న ఆ తమ్ముడే నన్ను కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, “పొరపాటు ఎవరికైనా సహజమేనండీ” అన్నాడు. ఆయన నా ఎత్తును నాకు తిరిగి ఇచ్చినాడు. దానిని నేను హక్కుగా అడిగి ఉంటే, ఇచ్చి ఉండేవాడా?

కాలు జారితే తీసుకోవచ్చు గాని, నోరు జారితే తీసుకోలేమని మనవారు అన్నారు. ఈసారి అరుగు మీద ఎవరైనా “ఇంకా చెయ్యి వదలలేదు” అంటే, చూస్తున్న మనం తీర్పు చెప్పటానికి తొందరపడవద్దు. వేసినవారు తమంతట తాము దానిని ఉండనీయటం ఒక అందం. ఎదుటివారు నవ్వి, “తీసుకోండి బావగారూ” అనటం అంతకు మించిన అందం.